ఆఫీసు కంప్యూటరు, సొంత సంగతులు

మా ఊళ్ల ముచ్చటతో మొదలుపెడతాను. కోయంబత్తూరు చుట్టుపక్కల, మదురై చుట్టుపక్కల తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. విజయనగర రాజుల కాలంలోనూ, 1529లో మదురైలో విశ్వనాథ నాయకుని పాలన మొదలైన తరువాతా దక్షిణానికి వచ్చి స్థిరపడినవారి సంతతి మాలో చాలామంది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు మాటే కాని రాత రానివారే ఎక్కువ. చిత్తూరు, తిరుత్తణి, హోసూరు వైపు నుంచి వింటున్న మీకు ఈ రెండు భాషల కాపురం కొత్తేమీ కాదు.

ఈ కాపురంలో ఒక సుఖం ఉందని మా పెద్దవాళ్లు నమ్మేవారు. నలుగురిలో గుట్టుగా ఏదైనా చెప్పుకోవాలంటే తెలుగులోకి దిగడం. మా అమ్మమ్మ ఒకసారి కోయంబత్తూరు ఒప్పనక్కార వీధిలో చీర బేరం చేస్తూ, పక్కనున్న మా అమ్మతో, "నచ్చినట్టు మొహం పెట్టవద్దే, లేచిపోతున్నట్టు నటించు, నూరు రూపాయలకు దిగుతాడు" అని తెలుగులో అన్నదట. దుకాణదారు చీర మడత పెడుతూ, తలైనా ఎత్తకుండా, "నూటికి గిట్టదమ్మా, నూటపదికి తీసుకోండి" అని తెలుగులోనే జవాబు చెప్పాడట. ఊరు నిండా మనవాళ్లే ఉంటే గుట్టు ఎలా దాగుతుంది? అమ్మమ్మ మళ్లీ ఆ దుకాణం మెట్లెక్కలేదు.

ఈ కథ నాకు ఎప్పుడు గుర్తుకు వచ్చిందో చెబుతాను.

నేనొక బడిలో పంతులమ్మను. మా ఉపాధ్యాయుల గది పొడుగాటి హాలు. మధ్యలో గోడలు లేవు, అడ్డు తెరలు లేవు. ఒక మూల కంప్యూటరు. దాని తెర సరిగ్గా తలుపుకు ఎదురుగా ఉంటుంది. పిల్లల హాజరు, వివరాలు ప్రభుత్వం వారి ఎమిస్‌లో ఎక్కించడానికి అందరమూ దాని ముందే కూర్చుంటాం. కొన్నేళ్ల కిందట నాకు రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగిలింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం అందరూ వెళ్లిపోయాక ఆ కంప్యూటరులో వెతికాను. గడ్డ అంటే కాన్సరేనా, సూది పరీక్ష నొప్పి పుడుతుందా, ఎంత ఖర్చవుతుంది. చదివినంత చదివి, పేజీ మూసి, గది తాళం వేసి ఇంటికి వెళ్లాను.

మర్నాడు ఉదయం ఒక టీచరు వేరే దేనికోసమో రెండక్షరాలు కొట్టగానే, నేను అడిగిన ప్రశ్న మొత్తం తనంతట తానే తెర మీదికి వచ్చి నిలబడింది. ముందు రోజు చివరగా తాళం వేసింది నేనేనని అందరికీ తెలుసు. మధ్యాహ్నానికల్లా అందరూ నాతో గొంతు తగ్గించి మాట్లాడసాగారు. ఒకావిడ తన టిఫిను డబ్బాలోంచి దానిమ్మ గింజలు తీసి నా చేతిలో పోసింది. వాళ్లలో ఎవరూ చెడ్డవాళ్లు కారు. అయినా, కట్టుకున్నవాడికి చెప్పకముందే నా ఒంటి సంగతి పన్నెండుమందికి తెలిసిపోయింది. అది ఉత్త నీటి గడ్డ అని తరువాత తేలింది. ఆ వారం రోజులు మాత్రం గడ్డ భయం కంటే ఆ దానిమ్మ గింజలే నన్ను ఎక్కువ బాధపెట్టాయి.

మా అక్క కొడుకు కోయంబత్తూరులోనే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తాడు. వాళ్ల ఆఫీసూ మా హాలు లాంటిదే. వరసగా బల్లలు, ఎవరి తెర వాళ్లకే కాదు, వెనక నడిచే ప్రతివాడికీ కనిపిస్తుంది. ఇలా గోడలు తీసేస్తే మనుషులు కలిసి మాట్లాడుకుంటారని యజమానుల ఆశ. హార్వర్డు పరిశోధకులు ఇద్దరు రెండు కంపెనీలలో కొలిచి చూసి 2018లో ప్రకటించారు. గోడలు తీశాక ఎదురెదురుగా మాట్లాడుకోవడం 70 శాతం దాకా తగ్గిందట. మా హాలు చూసినదాన్ని గనుక నాకు ఆశ్చర్యం కలగలేదు. చాటు లేని చోట మనిషి తనలోకే ముడుచుకుంటాడు.

నా కథ విని వాడు నవ్వి, "చిన్నమ్మా, ఇన్‌కాగ్నిటో అని ఒకటుంది, అందులో చూసుకోవచ్చు కదా" అన్నాడు. వాడు అప్పట్లో వేరే ఉద్యోగం కోసం ఆఫీసు కంప్యూటరులోనే అలా వెతుకుతున్నాడని తరువాత తెలిసింది. ఒక నెల గడిచాక వాళ్ల పై అధికారి పిలిచి, మెత్తగానే, "మా దగ్గర నీకు ఏం తక్కువయింది?" అని అడిగాడట. వీడి మొహం ఒప్పనక్కార వీధిలో మా అమ్మమ్మ మొహంలా అయిపోయి ఉంటుంది.

ఇక్కడే మనలో చాలామంది పొరబడతాం. ఇన్‌కాగ్నిటో చేసే పని చిన్నది. ఆ కిటికీ మూసిన తరువాత, మీరు ఏమేమి చూశారో ఆ బ్రౌజరు గుర్తుపెట్టుకోదు, అంతే. నాకు ఆ రోజు అది తెలిసి ఉంటే దానిమ్మ గింజలు తప్పేవి. కాని మీరు దింపుకున్న ఫైలు కంప్యూటరులో అలాగే పడి ఉంటుంది. ఇక ఆఫీసు నెట్‌వర్కు నడిపేవారికీ, మీరు చూసిన వెబ్‌సైటు వారికీ అదేమీ అడ్డు కాదు. గూగుల్ మీదనే ఈ విషయమై 2020లో అమెరికాలో దావా పడింది. ఇన్‌కాగ్నిటోలో ఉన్నా తమ సంగతులు సేకరించారని జనం ఫిర్యాదు. అలా పోగైన కోట్లాది రికార్డులు తీసివేయడానికి ఆ కంపెనీ 2024లో ఒప్పుకుంది.

మరి చిరునామా పక్కన కనిపించే తాళం గుర్తు సంగతేమిటని అడుగుతారు. దాన్ని కవరులో పెట్టిన ఉత్తరం అనుకోండి. లోపల ఏం రాశారో దారిలో ఉన్నవారికి తెలియదు. ఏ ఇంటికి వెళుతోందో మాత్రం సాధారణంగా తెలుస్తుంది. ఉద్యోగాల వెబ్‌సైటు పేరు కనిపిస్తే చాలదా? పైగా కంప్యూటరు ఆఫీసువారిది. అందులో వారు నిఘా సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే, మీరు ఉత్తరం రాస్తుండగా భుజం వెనక నిలబడి చదివినట్టే. అప్పుడు కవరు ఎంత గట్టిదైనా లాభం లేదు. సొంత ఫోనైనా సరే, ఆఫీసు వైఫైకి కలిపితే ఆ దారినే పోతుంది. మీ రీచార్జి డబ్బుతో వచ్చే ఇంటర్నెట్టు వాడితే వారి దారిలో పడదు.

ఇంకొక తంటా ఉంది. ఆఫీసు బ్రౌజరులో మీ సొంత ఖాతాతో లాగిన్ అయి, రెండు చోట్లా చరిత్ర కలిసేలా పెట్టుకుంటే, రాత్రి ఇంట్లో వెతికినవి పగలు ఆఫీసు తెర మీద ప్రత్యక్షమవుతాయి. పక్కవారి కన్ను మాత్రమే మీ భయమైతే, ఎదురుగా కూర్చున్నవారికి తప్ప కనబడనివ్వని పలక ఒకటి అమ్ముతారు, తెరకు తగిలించుకోవచ్చు. లేచి వెళ్లేటప్పుడు తెర తాళం వేయడం అంతకంటే సులువు. అది పైసా ఖర్చు లేని పని.

ఆఫీసులో సొంత పని చేయడమే తప్పు కదా అని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. మూడు గంటలు క్రికెట్ చూస్తే తప్పే. పిల్లవాడి ఫీజు కట్టడానికో, డాక్టరు ఎప్పుడుంటాడో చూడడానికో అయిదు నిమిషాలు తీసుకుంటే, అది టీ తాగి వచ్చినంతే. దాచుకునేదంతా దొంగతనం కాదు. రుమేనియాలో బర్బులెస్కు అనే ఉద్యోగి ఆఫీసు యాహూ మెసెంజరులో సోదరుడితో, పెళ్లాడబోయే అమ్మాయితో మాట్లాడాడని 2007లో కొలువు తీసేశారు. యూరపు మానవ హక్కుల న్యాయస్థానం 2017లో అతని పక్షాన తీర్పు ఇచ్చింది. ఏ మేరకు చూస్తామో ముందుగా చెప్పకుండా అతని మాటలు చదివారన్నది ముఖ్యమైన కారణం. అదే ఏడాది ఆగస్టు 24న మన సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, జస్టిస్ పుట్టస్వామిగారు వేసిన కేసులో, గోప్యత ప్రాథమిక హక్కేనని చెప్పింది. ఆ మాట విని మరీ ధైర్యపడకండి. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టంలో, ఉద్యోగ అవసరాలకూ, యజమానిని నష్టం నుంచి కాపాడుకోవడానికీ ఉద్యోగి సమ్మతి లేకుండానే అతని వివరాలు వాడుకునే వీలు ఉంది. అందుచేత చేరేటప్పుడు సంతకం పెట్టించుకునే కాగితాల్లో కంప్యూటరు వాడకం గురించి ఏం రాసి ఉందో, ఈసారి చదివి సంతకం పెట్టండి.

మా అక్క కొడుకు ఇప్పుడు ఆఫీసులో సొంత పనులు పెట్టుకోడు. సాయంత్రం టీకొట్టు దగ్గర నిలబడి సొంత ఫోనులో చూసుకుంటాడు. మొన్న అలా చూస్తుంటే, పక్కన గ్లాసు పట్టుకున్న పెద్దాయన ఒకరు తెరలోకి తొంగి చూసి, "ఆ కంపెనీలో జీతం బాగుంటుందా, నాయనా?" అని అడిగారట. తెలుగులోనే.