సకినాల లెక్కలో మన కూలి ఎక్కడుంది?

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం తరఫున చేసిన ప్రసంగం)



కొత్త ఆలోచనను వ్యాపారంగా ఎట్లా మార్చుకోవాలె అనే విషయం మీద మమ్మల్ని మాట్లాడమన్నరు. పది నిమిషాలు ఇచ్చిన్రు. పెద్ద పెద్ద మాటలు మాకు రావు. మేము పదకొండు మందిమి కలిసి కరీంనగర్ దగ్గర సకినాలు చేసి అమ్ముతున్నాం. ఆ లెక్కనే మీ ముందు పెడతాం. మీ ఊర్లో అది పచ్చడి కావచ్చు, కుట్టుపని కావచ్చు, విస్తరాకులు కావచ్చు. పేర్లు మారతయి గానీ లెక్క పద్ధతి మారదు.

సకినాలు చుట్టుడు మన దిక్కు ఎవరికి రాదు? చిన్నప్పుడు అమ్మ పక్కన కూసొని నేర్చినదే. సంక్రాంతికి ప్రతి ఇంట్ల చేస్తరు, మరి కొనేదెవరు అని మా సంఘంలోనే కొందరు అడిగిన్రు. మంచి ప్రశ్న. అందుకే ముందుగా బియ్యం నానబెట్టలేదు, ఊర్లో తిరిగి అడిగినం. సంక్రాంతి వదిలేస్తే ఇంకెప్పుడు సకినాలు కావాలె? బిడ్డను అత్తగారింటికి పంపేటప్పుడు సారెలోకి కావాలె. శ్రీమంతానికి కావాలె. దుబాయికో అమెరికాకో పోయే పిల్లల బ్యాగులోకి కావాలె. అప్పుడు ఇంట్ల చుట్టేటోళ్ళు ఉండరు. కోడలు డ్యూటీకి పోతది, అత్తకు మోకాళ్ళ నొప్పి, పక్కింటామెను పిలిస్తే ఆమె నాటుకు పోయింది. గిరాకీ అక్కడుంది. మనకు వచ్చిన పని, అవతలోళ్ళకు తీరిక లేని పని, రెండూ ఎక్కడ కలుస్తయో అక్కడ వెతకండి. కొత్త ఆలోచన కోసం హైదరాబాద్ పోవలసిన అవసరం లేదు.

ఇక లెక్క. సంఘం మీటింగులో పలక మీద రాసినం. పది కిలోల బియ్యం 450 రూపాయలు. కిలోన్నర నువ్వులు 270. వాము, ఉప్పు 60. సకినాలు పీల్చుకునే నూనె మూడు కిలోలు, 420. గ్యాసు 200. గిర్నిలో తడిపిండి పట్టించినందుకు 100. కవర్లు, లేబుళ్ళు 150. మొత్తం 1,650. గోలించి చల్లారినంక తూకం వేస్తే పన్నెండున్నర కిలోలు వచ్చినయి. అంటే కిలోకు 132 రూపాయలు పడ్డది.

ఇక్కడనే అందరి మొహాలు వెలిగినయి. ఊర్లో కొందరు కిలో 200కు అమ్ముతరు. 200లోంచి 132 తీస్తే 68 రూపాయలు లాభం కదా అన్నరు. అప్పుడు మాలో పెద్దామె, బడి మొహం చూడని ఆమె, ఒక్క మాట అడిగింది: "మరి మన కూలి ఏ గడిలో రాసినవ్ బిడ్డా?"

రాయలేదు, ఎందుకంటే ఆ గడే గీయలేదు. వెంటనే గీసినం. పది కిలోల బియ్యానికి నలుగురు ఒక దినం పని చేయాలె. ముగ్గురు చుట్టాలె, ఒకరు గోలించాలె. మనిషికి 350 వేస్తే 1,400. కిలోకు 112. సరుకు 132, కూలి 112, కలిపితే 244. ఇప్పుడు 200కు అమ్మితే లాభం 68 కాదు, కిలోకు 44 రూపాయలు మన జేబులోంచి పోతున్నయి. జేబులోంచి అంటే మన నడుములోంచి అనుకోండి.

"ఇంట్ల కూసొని చేసే పనికి కూలి ఏంది" అని ఒక చెల్లె ఇంటాయన అన్నడట. మేము ఏం కొట్లాడలేదు. పత్తి ఏరడానికి పోతే కూలి ఇస్తరా లేదా అని మాత్రం అడిగి రమ్మన్నం. ఎండలో నిలబడితేనే పని, నీడలో కూసుంటే పని కాదు అనే లెక్క మనల్ని చాలా కాలం నుంచి ముంచుతున్నది. అమ్మకం అయినా కాకున్నా పని చేసిన దినం కూలి సంఘం ఖాతాలో రాసుడు మొదటి నుంచీ మా పద్ధతి. ధర కిలో 320 పెట్టినం. దుకాణాలకు 280. మిగిలింది సంఘం నిధికి, రవాణాకు, విరిగిన వాటికి.

ధర ఎక్కువ పెడితే ఎవరు కొంటరు అంటరు. 200 సకినాలకు, మన సకినాలకు తేడా చూపించాలె. అదే అసలు కష్టం. గల్ఫ్‌కు పోయే బ్యాగులో పెద్ద సకినం పోయేసరికి పొడి అయితది. అందుకని చుట్లు తగ్గించి, అరచేతిలో పట్టేంత చిన్నగ చుట్టి చూసినం. డబ్బాలో పడుకోబెట్టకుండా నిలబెట్టి, వరుస వరుసకు మధ్య కాగితం పెట్టినం. తరువాత ఆ డబ్బాలను మాలో ఒకామె తమ్ముని ఆటోల మూడు దినాలు తిప్పిచ్చినం, గుంతల రోడ్డు మీదనే. విప్పి చూస్తే పెద్దవి సగం విరిగినయి, చిన్నవి డబ్బాకు రెండు మూడు విరిగినయి. ఆలోచన బాగుందా లేదా అని ఎవరినీ అడగనక్కర లేకుండా ఆటోనే చెప్పింది. అట్లనే ఒకే దినం చేసిన ఎనిమిది ప్యాకెట్లు పక్కన పెట్టి వారానికి ఒకటి విప్పి తిన్నం. ఏ వారం పాత నూనె వాసన వచ్చిందో దానికి రెండు వారాల ముందు తేదీనే లేబుల్ మీద వేస్తున్నం.

శిక్షణలో లిజ్జత్ అప్పడాల కథ మీరంతా విన్నరు. 1959 మార్చి 15న బొంబాయి గిర్గావ్‌లో ఒక పాత బిల్డింగు డాబా మీద ఏడుగురు ఆడవాళ్ళు 80 రూపాయలు అప్పు తెచ్చుకొని మొదలుపెట్టిన్రు. మొదటి దినం అయినవి నాలుగు ప్యాకెట్లు. ఆ ఏడుగురిలో ఒకరైన జశ్వంతిబెన్ పోపట్ గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. ఈ కథ చెప్పంగనే అందరూ 80 రూపాయల దగ్గర చప్పట్లు కొడతరు. మాకు మాత్రం మంచం నచ్చింది. మొదటి ఏడు వానాకాలంలో అప్పడాలు ఎండక నాలుగు నెలలు పని ఆగిపోయింది వాళ్ళకు. మరుసటి ఏడు ఒక మంచం, ఒక స్టవ్ కొన్నరు. మంచం మీద అప్పడాలు, కింద పొయ్యి. వాన పడ్డా పని ఆగలేదు. ఇన్నోవేషన్ అని ఇంగ్లీషులో అనేది ఇదే అయితే మనం రోజూ చేస్తున్నం. వానాకాలంలో తడి గుడ్డ మీద సకినం ఆరదు, తీయబోతే తెగుతది. మేము గుడ్డ కింద ఇంకో మందం గుడ్డ పరిచి, పైన ఫ్యాన్ పెట్టినం. కరెంటు ఉన్నంతసేపు ఇబ్బంది లేదు.

ఇప్పుడు కొంచెం గట్టి విషయం చెప్తాం. పట్నం నుంచి ఒక వ్యాపారి వచ్చిండు. నెలకు 200 కిలోలు తీసుకుంటా అన్నడు. కిలో 220. పైసలు రెండు నెలల తరువాత. అప్పటికి మేము నెలకు 75 కిలోలే అమ్ముతున్నం. అంటే ఆరు దినాల పని, నలుగురి చొప్పున 24 కూలి దినాలు, పదకొండు మందికి పంచితే రెండు దినాలు చిల్లర. ఆయన ఆర్డర్ ఒప్పుకుంటే ఇంకో 64 కూలి దినాలు వస్తయి. కానీ 220లో సరుకు 132 పోతే 88 మిగులుతది, దినం కూలి 350 కాదు, 275 పడుతది. అంతకంటే ముఖ్యం, రెండు నెలల సరుకు పైసలు 52,800, మన కూలి 44,800, కలిపి 97,600 రూపాయలు ఆయన దగ్గర ఆగి ఉంటయి. ఆయన ఫోన్ ఎత్తకపోతే బ్యాంకు వాయిదా ఎవరు కట్టాలె?

260 ఇవ్వండి, సగం ముందు ఇవ్వండి అని అడిగినం. కుదరదన్నడు. సంఘంలో చేతులెత్తినం. ఏడుగురు వద్దన్నరు, నలుగురు కావాలన్నరు. ఆ నలుగురివి ఉత్త మాటలు కావు. ఒకామెకు బిడ్డ ఫీజు కట్టే నెల అది. "275 అయినా ఇంట్ల ఉన్నదానికంటే ఎక్కువే గదా" అన్నది. ఆ మాటకు మా దగ్గర లెక్కలో జవాబు ఉన్నది గానీ ఆమె ఇంటికి సరిపోయే జవాబు లేదు. ఆర్డర్ వదిలేసినం. దాంతో పాటు మూడు నెలలు పని వచ్చిన ప్రతిసారీ ఆ నలుగురికే ముందు వంతు ఇయ్యాలని తీర్మానం రాసినం. ఫీజుకు పొదుపులోంచి అప్పు ఇచ్చినం. అయినా ఒకామె ఇప్పటికీ ఆ విషయం ఎత్తి దెప్పుతది. దెప్పనీ.

తరువాత పెండ్లి సారెల మీద పడ్డం. ఒక్కో సారెకు పది, ఇరవై కిలోలు. సగం పైసలు ముందే ఇస్తరు, మిగతావి డబ్బా ఎత్తేటప్పుడు ఇస్తరు. ఇప్పుడు నెలకు 150 కిలోలు పోతున్నయి. మనిషికి నాలుగు దినాల పైన పని. ఇది కడుపు నింపే పని అని మేము అనం, ఇంకా పెరగాలె.

లైసెన్సు గురించి చాలామంది భయపడతరు. తినే వస్తువు అమ్మాలంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ కావాలె. మేము తీసుకున్నప్పుడు ఏడాదికి 12 లక్షల లోపు వ్యాపారానికి ఏడాదికి 100 రూపాయల ఫీజే. పద్నాలుగు అంకెల నంబరు వస్తది. అది, తయారీ తేదీ, తూకం, ధర, అందులో ఏమేం వేసినమో, మన చిరునామా లేబుల్ మీద ఉండాలె. దుకాణమాయన మొదట చూసేది అదే.

లోను విషయంలో మా మాట కొంచెం చేదుగ ఉంటది. 2020లో మొదలైన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో చిన్న ఆహార యూనిట్లకు 35 శాతం, 10 లక్షలకు మించకుండా సబ్సిడీ పెట్టిన్రు. సంఘం సభ్యులకు మనిషికి 40,000 దాకా మూలధనం కూడా సమాఖ్య ద్వారా అప్పుగా పెట్టిన్రు. మంచిదే. కానీ సబ్సిడీ వస్తదని మెషిన్ కొనొద్దు. మాకు పెద్ద గ్రైండర్ చూపించిన్రు. మాకు పని ఆగేది పిండి దగ్గర కాదు, చుట్టే చేతుల దగ్గర. గ్రైండర్ కొంటే పిండి తొందరగ అయ్యి, చేతుల కోసం కూసుంటది. పని ఎక్కడ ఆగుతున్నదో వారం రోజులు రాసుకొని, అప్పుడు దరఖాస్తు పెట్టండి.

మా లెక్క కాగితం జిరాక్సులు తెచ్చినం. కూలి గడి ఖాళీగ ఉంచినం, మీ ఊరి కూలి మీరు రాసుకోండి. వెనుక టేబుల్ మీద చిన్న సకినాల డబ్బా విప్పి పెట్టినం, రుచి చూడండి. రుచికి పైసలు లేవు. అర కిలో కావాలన్నోళ్ళకు 160 రూపాయలు, సమాఖ్య అక్కలకు కూడా అంతే.