ఎల్.టి.సి. బిల్లుల్లో కనిపించని దేశం

(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

"మన దేశాన్ని తెలుసుకుందాం" అనే అంశం మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను పండితుణ్ణి కాను. కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేసి 2010లో పదవీ విరమణ పొందినవాణ్ణి.

సర్వీసులో పన్నెండేళ్లు నాది ఎల్.టి.సి. బిల్లుల సీటు. నాలుగేళ్ల బ్లాకులో ఒకసారి దేశంలో ఎక్కడికైనా వెళ్లి రావచ్చునని మీకు తెలిసిందే. ఏ ఊరు ఎన్ని కిలోమీటర్లో, ఏ తరగతికి ఎంత చార్జీయో నాకు కంఠతా వచ్చేది. కొందరి కన్యాకుమారి బాపట్ల దాటేది కాదన్న సంగతీ నాకు తెలుసు. ఇంతమంది ప్రయాణాలు పాసుచేసిన నేను మాత్రం తిరుపతి, మద్రాసు తప్ప ఎరగను. పిల్లల చదువులు, చెల్లెలి పెళ్లి, ఏదో ఒకటి అడ్డం వచ్చేది.

మా ఆవిడది అనంతపురం జిల్లా. అక్కడ ఏడాదికి అయిదారు వందల మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. చిన్నప్పుడు తెల్లవారకముందే బిందె ఎత్తుకుని బావికి పోయేదట. చిరపుంజిలో ప్రపంచంలోకెల్లా ఎక్కువ వాన పడుతుందని బడిలో పంతులుగారు చెప్పినప్పటినుంచి ఆ ఊరు చూడాలని ఆమె కోరిక. "రిటైరయ్యాక చూద్దాంలే" అనేవాణ్ణి.

మా అబ్బాయికి షిల్లాంగ్ బదిలీ అయింది. 2012 డిసెంబరులో బయలుదేరాం. సిలిగురి దగ్గర మన దేశం మెడ సన్నగిల్లి, నేపాల్‌కూ బంగ్లాదేశ్‌కూ మధ్య ఇరవై కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే ఉంటుంది. పటంలో ఎన్నోసార్లు చూశాను. రైలు దాన్ని దాటుతుంటే గాని నాకు తలకెక్కలేదు.

షిల్లాంగ్‌లో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడింది. నా గడియారం చెడిపోయిందనుకున్నాను. చెడిపోలేదు. దేశమంతటికీ ఒకటే టైము. దాన్ని లెక్కకట్టే ఎనభై రెండున్నర డిగ్రీల రేఖ మన కాకినాడ పక్కనుంచే పోతుంది. అక్కడినుంచి తూర్పుకు డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున పొద్దు ముందే పొడిచి, ముందే గుంకుతుంది. అదే రోజు ద్వారకలో ఆరు దాటినా వెలుగుంటుంది.

ఇక చిరపుంజి. అక్కడివారు సొహ్రా అంటారు. 1860 ఆగస్టు నుంచి 1861 జూలై దాకా అక్కడ 26,461 మిల్లీమీటర్ల వాన కురిసింది. ఏటా సగటు తీస్తే పొరుగునున్న మౌసిన్‌రాందే పైచేయి. తీరా వెళితే చుక్క వాన లేదు. వీధి కుళాయి దగ్గర ఖాళీ బిందెలూ బకెట్లూ బారులు తీరి ఉన్నాయి. మా ఆవిడ కారు దిగి చాలాసేపు అక్కడే నిలబడింది. "ఏమండీ, ఇది మా ఊరే గదా!" అంది.

బస చేసినచోట ఇంటావిడ కారణం చెప్పింది. బంగాళాఖాతం మేఘాలు బంగ్లాదేశ్ మైదానం మీదుగా వచ్చి ఖాసీ కొండలకు తగులుతాయి. వానంతా నాలుగైదు నెలల్లోనే కురుస్తుంది. పైన మట్టి పలచన, కింద సున్నపురాయి. నీరు నిలవదు, మళ్లీ బంగ్లాదేశ్‌కే దిగిపోతుంది. చలికాలంలో నీళ్లకు కటకట.

ఆ ఇల్లు ఆవిడదే. ఖాసీలలో వంశం తల్లివైపునుంచి వస్తుంది. పుట్టిల్లు కడగొట్టు కూతురికి దక్కుతుంది. మా ఆవిడ కూడా కడగొట్టుదే. మా అబ్బాయి ఈ మాట హిందీలో చెప్పగానే ఆవిడ "అయితే మీ అమ్మగారి ఇల్లు మీదేనన్నమాట" అంది. మా ఆవిడ నావైపు చూసి నవ్విన నవ్వుకు నావద్ద జవాబు లేదు. తర్వాత ఆకు, వక్క, సున్నం పెట్టారు. అచ్చం మన తాంబూలమే అనుకుని నోట వేసుకున్నాను. పచ్చివక్క! అంత చలిలోనూ చెమటలు పట్టాయి.

తిరిగి వస్తూ, "ఆషాఢంలో మళ్లీ వద్దామండీ, వాన చూడాలి" అంది. సెలవు రోజులు కలిసొస్తాయని డిసెంబరు నిర్ణయించింది నేనే. ఎప్పుడు వెళితే బాగుంటుందని ఆమెను ఒక్కమాట అడగలేదు. సరే అన్నాను. ఆ మరుసటేడు ఆమె మోకాళ్లు మొరాయించాయి. ఆ తర్వాత ఆమె లేదు.

వచ్చే జూలైలో మా మనుమరాలు తీసుకువెళతానంటోంది. నా కాళ్లు ఇంకా మాట వింటున్నాయి. మీలో ఎవరైనా వస్తామంటే సభ ముగిశాక కనబడండి. గొడుగు మాత్రం ఎవరిది వారే తెచ్చుకోవాలి. సెలవు.