మూలము లేని దస్త్రము

కంప్యూటరు ఆగిపోయినదనగానే యంత్రము చెడినదనియో, వైరస్ సోకినదనియో అనుకొనుట పరిపాటి. ఈ రెండును గాక మూడవ కారణ మొకటి కలదు. బయటినుండి వచ్చిన పెన్ డ్రైవ్‌లోని లెక్కల దస్త్రము తప్పుగా వ్రాయబడియుండుట. ఏ ఫైలును తెరవకున్నను, దానిని తగిలించినంతమాత్రముననే ఒక్కొక్కప్పుడు యంత్రము స్తంభింపవచ్చును. అది ఎట్లు జరుగునో, దానినుండి ఎట్లు కాచుకొనవలెనో ఈనాడు విచారింతము.

పూర్వము గ్రామమున ఏ సర్వే నంబరు ఎవరి పేర నున్నదో కరణము దస్త్రములలో వ్రాసియుంచెడివాడు. పొలమునకు పోనక్కరలేదు, దస్త్రము చూచిన చాలును. డిస్కుమీద ఫైల్ సిస్టమ్ చేయు పనియు ఇట్టిదే. ఏ ఫైలు ఎక్కడ నున్నదో, దానికి ఎన్ని పేర్లున్నవో అందు లెక్క యుండును. ఆ లెక్కను చదువునది కెర్నెల్, అనగా ఆపరేటింగ్ సిస్టమునకు గర్భము. తక్కిన ప్రోగ్రాములు పొరబడినచో కెర్నెల్ వాటిని ఆపి తాను నిలుచును. కెర్నెలే పొరబడినచో ఆపువారు లేరు.

2018లో లినక్సు కెర్నెల్‌లో బయటపడిన ఒక లోపమును ఉదాహరణముగా గైకొందము. దాని నమోదు సంఖ్య సీవీఈ-2018-1092. లినక్సులో విరివిగా వాడబడు ఫైల్ సిస్టమ్ పేరు ఈఎక్స్‌టీ4. అందు ప్రతి ఫైలునకును, ప్రతి డైరెక్టరీకిని ఐనోడ్ అను చీటీ యొకటి యుండును. 2వ సంఖ్య గల చీటీ మూల డైరెక్టరీది. తక్కినవన్నియు దాని శాఖలే. ప్రతి చీటీలోను దానిని ఎన్ని పేర్లు ఆశ్రయించియున్నవో తెలుపు అంకె యుండును. ఆ అంకె సున్న అయినచో, అది ఎవరికిని అక్కరలేనిదని తలచి, విడిచిపెట్టు సమయమున కెర్నెల్ దానిని తుడిచివేయును.

ఎవరైనను కావలెననియే మూల డైరెక్టరీ చీటీలో సున్న వ్రాసిరనుకొనుడు. విచిత్రమేమనగా, మూలము సరిగా లేదని కెర్నెల్ కనిపెట్టకపోలేదు. కనిపెట్టినది, ఈ డిస్కు వలదని వెనుకకు మరలినది. మరలుచు చేతిలోని చీటీని విడువబోయి, అందు సున్న యుండుట చూచి, అలవాటు చొప్పున దానిని తుడువబూనినది. తుడుచుటకు వలసిన సరంజామా అప్పటి కింకను సిద్ధము కాలేదు. లేని చోటికి చేయి చాచి పడిపోయినది. ఇట్టి పతనమునకు కెర్నెల్ రచయితలు పెట్టిన పేరు ‘ఊప్స్’. మన ‘అయ్యో’ వంటిదే.

దిద్దుబాటు కొద్ది పంక్తులే. మూల చీటీలో సున్న కనిపించినచో ఫైల్ సిస్టమ్ చెడినదని మొదటనే తిరస్కరించుట. ఈఎక్స్‌టీ4 పర్యవేక్షకుడు థియొడోర్ ట్సో 2018 మార్చిలో దీనిని వ్రాసెను. ఆ జాతి లోపములు మాత్రము పిమ్మటను బయటపడుచునే యున్నవి.

ఇవి పెద్ద ప్రమాదములు కావని వాదించువారు కలరు. డిస్కును మౌంట్ చేయుటకు సర్వాధికారముగల వాడుకరి అనుమతి కావలెను గదా యని వారి మాట. సర్వర్ల విషయమున అది కొంత నిజము. కాని ఇండ్లలోని కంప్యూటర్లు పెక్కు పెన్ డ్రైవ్ తగిలించగానే తమంతట తామే మౌంట్ చేయును. పెన్ డ్రైవ్‌లు సాధారణముగా వేరు ఫైల్ సిస్టమ్‌లతో వచ్చునన్నను, లోపల ఏది వ్రాయబడినదో పైకి తెలియదు. జిరాక్సు దుకాణమున పదిచేతులు మారి వచ్చిన పెన్ డ్రైవ్ ఎదుట ఆ వాదము మన కక్కరకు రాదు. సగము వ్రాసిన లెక్కలు, పిల్లవాని ప్రాజెక్టు, భద్రపరచని దేదైనను ఆ క్షణమున పోవచ్చును.

కావున, తానే మౌంట్ చేయు ఏర్పాటును సెట్టింగులలో ఆపివేయుట మేలు. అనుమానముగల ఈఎక్స్‌టీ4 డిస్కును మౌంట్ చేయక, ఈ2ఎఫ్ఎస్‌సీకే అను సాధనముతో, ఏమియు మార్చకుండునట్లు ఆజ్ఞాపించి పరీక్షింపవచ్చును. అది కెర్నెల్ వెలుపల పనిచేయును గనుక, అది పడినను యంత్రము పడదు. తప్పక తెరువవలసినచో వర్చువల్ మెషీన్‌లో తెరువవలెను. పడినచో లోపలి కెర్నెల్ పడును. చదువుటకు మాత్రమే యని మౌంట్ చేసిన చాలదా యని కొందరందురు. దస్త్రమును కెర్నెల్ చదువక తప్పదు గనుక చాలదు.

అన్నిటికంటె ముఖ్యము అప్‌డేట్. ఇందు పలువురు ఏమరు సంగతి యొకటి కలదు. కొత్త కెర్నెల్ డిస్కుమీదికి వచ్చినను, యంత్రమును తిరిగి ప్రారంభించువరకు సాధారణముగా నడుచునది పాతదే. నడుచుచున్నదేదో ‘యూనేమ్’ ఆజ్ఞ చెప్పును. అయితే సంఖ్య పాతదిగా కనిపించినంతమాత్రమున దిగులు పడనక్కరలేదు. డెబియన్, రెడ్ హ్యాట్ వంటి పంపిణీదారులు దిద్దుబాటును పాత సంఖ్య గల కెర్నెల్‌లోనికే చేర్చుట కలదు. వారి భద్రతా ప్రకటనలలో సీవీఈ సంఖ్యను వెదకినచో, దిద్దబడినదో లేదో తెలియును.