సభ్యత్వ పుస్తకము
(వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



 విద్యావంతులు పలువురు వేదికనలంకరించి యుండగా, మగ్గపుగుంటలో కాళ్లుంచి పెరిగిన మేము ఉపన్యసింపబూనుట సాహసమే. అయినను మేము చెప్పదలచిన విషయము చిన్నది. అది తూర్పుద్వారముకడ బల్లమీద నుంచిన సభ్యత్వ పుస్తకమును గూర్చినది.

పందిరి నిండినది, భోజనపు పంక్తులును నిండినవి, ఆ పుస్తకము మాత్రము నిండలేదు. ప్రతి సంవత్సరమును ఇట్లే జరుగుచున్నది. బంధువులను చూచి, ఉపన్యాసములు విని, సంబంధములు మాటలాడుకొని, పేరు వ్రాయింపకయే ఇండ్లకు మరలుచున్నారు. ఇందుకు మేమెవరిని నిందింపజాలము. మేమును అనేక సంవత్సరములు అట్లు వచ్చి అట్లు పోయినవారమే.

మా మనసు మారిన కారణమును విన్నవించెదము. 2020వ సంవత్సరమున కరోనా వ్యాధివలన దేశమంతటను రాకపోకలు నిలిచినప్పుడు, నేసిన చీరెలు ఇండ్లలోనే నిలిచిపోయినవి. మా యూరిలో కొందరము చేరి బియ్యము, మందులు సేకరించితిమి. ఎవరికీయవలెను? సంఘపు పుస్తకము తీసితిమి. అందున్న పేర్ల ప్రకారము ఇంటింటికిని పోయితిమి. మాకు రెండు వీథుల యవతల నొక కుటుంబము గలదు. వారి పేరు పుస్తకములో లేదు. ఆ యింటివారు పస్తులుండి, తుదకు మగ్గపు కొయ్యను వంటచెరకుగా వాడుకొనిరని మూడు నెలల పిమ్మట తెలిసినది. బియ్యము లేక కాదు, మనసు లేక కాదు. వారున్నారని మాకు తెలియకపోవుటచేత ఇట్లు జరిగినది. నాటినుండి ఆ పుస్తకమును మేము చందాల లెక్కగా చూచుట మానితిమి.

కొందరు, "చేరిన మాకేమి లాభము?" అని యడుగుదురు. ఇది న్యాయమైన ప్రశ్నయే. ఒక్క ఉదాహరణము చాలును. ఒక ఊరి నేతకు ఆ యూరి పేరుమీద రక్షణ కల్పించుటకై 1999వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపుల చట్టము వచ్చినది. ఈ చట్టము ననుసరించి దరఖాస్తు చేయవలసినది ఉత్పత్తిదారుల సంఘమో, వారి పక్షమున నిలుచు సంస్థయో, అధికారమండలియో కాని, ఒంటరి నేతగాడు కాడు. పోచంపల్లి ఇక్కత్తు విషయమున అచ్చటి చేనేత సహకార సంఘము ముందునకు రాగలిగినది. ఎంత పనితనము గలవాడైనను ఒక్కడు పోయి ఆ పని చేయజాలడు.

మరికొందరు, "ఇదివరలో చేరి మోసపోయితిమి" అందురు. ఈ మాటను మేము త్రోసిపుచ్చము. లెక్కలు చూపని సంఘములను మేమును ఎరుగుదుము. అయినను ఒకమారు చెడినది ఎల్లకాలమును చెడవలెనని లేదు. ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున 1833లో కొందరు శ్రామికులు ఉమ్మడి దుకాణము పెట్టిరి. అరువులు పేరుకొని అది రెండేండ్లలో మూతపడెను. ఆ పట్టణముననే 1844లో 28 మంది, అందు నేతపనివారును ఉండిరి, తలకొక పౌను చొప్పున కూడబెట్టి మరల ప్రారంభించిరి. వెన్న, పంచదార, పిండి, కొవ్వొత్తులు, ఇవియే వారి తొలి సరకులు. ఈసారి అరువు లేదు. వాటా ఎంతయున్నను మనిషికొక్కటే ఓటు. లెక్కలు అందరికిని చూపవలెను. సహకారోద్యమమునకు ఆ దుకాణమే మార్గదర్శకమాయెను. మన దేశమున 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినప్పుడు, సంఘము నమోదగుటకు 10 మంది చాలుననిరి. కావున మోసపోయినవారు దూరముగా నుండుటకంటె, లోపలికి వచ్చి లెక్క అడుగుట మేలు. అడుగు హక్కు సభ్యునికే గలదు.

ఇంక పోషక మహాశయులకొక మనవి. మీ దాతృత్వముచేతనే ఈ పందిరి లేచినది. అయినను ఒక దాత యిచ్చిన వేయి రూపాయలకును, వేయిమంది యిచ్చిన రూపాయలకును భేదము గలదు. దాత యలసినచో మొదటిది నిలిచిపోవును. రెండవదాని వెనుక వేయి ఇండ్లు నిలుచును. 1906లో హైదరాబాదున కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు మొదలగువారు స్థాపించిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. గ్రంథప్రచురణమునకు జమీందారుల వదాన్యతయే శరణ్యమైన కాలమున, వారు పాఠకులనే చందాదారులుగా చేర్చుకొని చరిత్రములను, శాస్త్రములను తెలుగున వెలువరించిరి. కావున మీరొసగు ద్రవ్యమును, ఎందరు క్రొత్తగా చేరిరో అందరి చందాకు సమానముగా ఒసగుడని ప్రార్థించుచున్నాము. అప్పుడు మీ దానము సభ్యులను పెంచును కాని, వారికి బదులుగా నిలువదు.

కార్యవర్గమువారికిని ఒక మాట. వేదికనుండి పిలిచిన పిలుపునకు పేర్లు రావు. ఎరిగినవాడు ఎరిగినవాని యింటికి పోయి అడుగవలెను. ఆసుపోయునది, కండెలు చుట్టునది మన స్త్రీలే. ఇంటికొక పురుషుని పేరు వ్రాసి తృప్తిపడుట తగదు. 2019–20 చేనేత గణనలో దేశమున 35 లక్షలకు పైగా చేనేత, అనుబంధ పనివారు లెక్కకు రాగా, వారిలో అధిక సంఖ్యాకులు స్త్రీలే. మగ్గము విడిచి సూరతుకో, భివండికో పోయినవారిని కూడ చేర్చుకొనవలెను. చేరినవానికి రసీదును, నియమావళిని ఆ దినముననే యిచ్చి, నెలలోపల ఒక చిన్న పనిని అప్పగింపవలెను. పనిలేని సభ్యుడు మరుసటి సంవత్సరము మరల ప్రేక్షకుడగును.

సోదరులారా! మన కులము ఘనమైనదని చాటుకొనుటకు ఈ పుస్తకము కాదు. ఇతరులపై పంతమునకును కాదు. పడుగెంత గట్టిదైనను పేక పడనిది గుడ్డ కాదని మనకొకరు చెప్పనక్కరలేదు. మా రెండు వీథుల యవతలి యింటివారు ఇప్పుడు పుస్తకములో నున్నారు. వారి పేరు వ్రాసిననాడు ఆ యింటి పెద్ద, "ముందే వచ్చి అడిగియుంటిరేని!" అని ఒక్క మాట యనెను. మేము బదులు చెప్పలేకపోయితిమి.

అందుచేతనే నేడు మిమ్మడుగుచున్నాము. భోజనానంతరము తూర్పుద్వారముగుండ పొండు. మీ పేరు వ్రాయింపుడు. మీ వీథిలో ఇంకను వ్రాయింపని వారెవరో అదియు చెప్పుడు. వారి యింటికి మేము పోయెదము.