పసుపు వన్నె, భాస్వరం బంధం

ఫిబ్రవరి వచ్చిందంటే ఆర్మూర్ చుట్టుపక్కల కల్లాలన్నీ పసుపు రంగే. తవ్వి, ఉడకబెట్టి, ఎండబోసిన దుంప రోజుల తరబడి ఎండ తిని గట్టిపడుతుంది. కొమ్ము ఒక కుప్ప, మండ ఒక కుప్ప. కొనడానికి వచ్చిన వ్యాపారి ముందుగా ఒక కొమ్ము తీసి రెండు చేతులా పట్టి విరుస్తాడు. బాగా ఎండిందైతే లోహం మోగినట్టు టంగుమంటుంది. ఆ తర్వాత విరిగిన చోట వన్నె చూస్తాడు. ధర సగం అక్కడే తేలిపోతుంది.

ఆ వన్నె పేరు కర్కుమిన్. 1815లో వోగెల్, పెల్తియే అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు దాన్ని పసుపు నుంచి వేరు చేశారు. దాని నిర్మాణం ఫలానా అని తేల్చింది 1910లో, మిలోబెన్‌జ్కా, కొస్తనెత్‌స్కీ, లాంపే. ఎండు పసుపులో సాధారణంగా రెండు నుంచి ఐదు శాతం దాకా ఉంటుంది. ఆర్మూర్ పేరు మీదే ఒక పసుపు రకం ఉన్న నేల ఇది. పసుపు బోర్డు కావాలని ఏళ్ల తరబడి కొట్లాడి, 2019 పార్లమెంటు ఎన్నికల్లో రైతులు వంద మందికి పైగా నామినేషన్లు వేసి దేశం దృష్టిని తిప్పుకున్న నేల. ఆ బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌లో మొదలైంది. ఇలాంటి ఊళ్లో 'పసుపు తింటే క్యాన్సర్ పోతుందట గదా' అన్న మాట చెవిన పడని రోజు ఉండదు. ఆ మాటలో నిజమెంతో చెప్పాలంటే ఒక తెలుగువాడి పేరు తలవక తప్పదు. యల్లాప్రగడ సుబ్బారావు స్మృతికి అంకితమైన ఈ ప్రసంగం కల్లంలో మొదలైంది అందుకే.

ముందుగా ఎలుకల సంగతి. న్యూయార్క్ రాష్ట్రంలోని వల్హాలాలో అమెరికన్ హెల్త్ ఫౌండేషన్ అనే పరిశోధన సంస్థ ఉండేది. తిండికీ పెద్దపేగు క్యాన్సర్‌కూ ఉన్న లంకెను అక్కడ దశాబ్దాల పాటు వెతికినవారు బండారు ఎస్. రెడ్డి. కొవ్వు ఎక్కువ తింటే పేగులోకి దిగే పైత్యరసపు ఆమ్లాలు ఏం చేస్తాయన్నది ఆయన పట్టుకున్న ప్రశ్నల్లో ఒకటి. ఆయన బృందంలో చింతలపల్లి వి. రావు. ఇంటిపేర్లు వింటేనే మనవాళ్లని తెలుస్తుంది. 1995లో వీళ్లు తోటివారితో కలిసి 'క్యాన్సర్ రీసెర్చ్' పత్రికలో ఒక ప్రయోగం ప్రచురించారు. ఎలుకలకు అజాక్సిమీథేన్ అనే రసాయనం ఎక్కిస్తే పెద్దపేగులో గడ్డలు పుడతాయి. కొన్ని ఎలుకలకు మామూలు మేత, కొన్నిటికి కిలో మేతకు రెండు గ్రాముల చొప్పున కర్కుమిన్ కలిపిన మేత పెట్టి ఏడాది పాటు చూశారు. కర్కుమిన్ తిన్న ఎలుకల్లో గడ్డలు వచ్చినవి తక్కువ, ఒక్కో ఎలుకకు లెక్కేస్తే గడ్డల సంఖ్యా తక్కువ.

మంచి ప్రయోగం, నిజాయితీ గల ప్రయోగం. అయితే అది ఎలుకల్లో, గడ్డ రాకముందు నుంచీ పెట్టిన మేతతో తేలిన ఫలితం. గడ్డ వచ్చిన మనిషికి పసుపు వైద్యమని అందులో ఎక్కడా లేదు.

మనుషుల్లోనూ చూశారు. పేగులో వందల కొద్దీ పిలకలు లేచి, వదిలేస్తే క్యాన్సర్‌గా మారే వంశపారంపర్య జబ్బు ఒకటుంది. దాంతో బాధపడే ఐదుగురికి కర్కుమిన్‌తో పాటు క్వెర్సెటిన్ అనే మరో పదార్థం ఇస్తే పిలకలు తగ్గాయని 2006లో ఒక పత్రం వచ్చింది. ఆశలు లేచాయి. ఆ పత్రం రాసిన పరిశోధకురాలు మార్సియా క్రూజ్ కొర్రెయా అక్కడితో ఆగలేదు. ఈసారి 44 మందిని తీసుకుని, కొందరికి రోజూ మూడు గ్రాముల కర్కుమిన్, కొందరికి ఉత్తి మాత్ర ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చారో ఎవరికీ తెలియకుండా ఏడాది నడిపించారు. 2018లో ఫలితం బయటపెట్టారు. రెండు గుంపులకూ తేడా లేదు. తన ఆశను తానే పరీక్షకు పెట్టి, అది నిలవలేదని తానే అచ్చు వేయించిన ఆమెకు చేతులెత్తి మొక్కాలి. పరిశోధనలో ఇంతకంటే కష్టమైన పని లేదు.

మూడు గ్రాముల కర్కుమిన్ అంటే వంటింటి లెక్కలో ఎంత? నూటికి మూడు పాళ్లున్న పసుపైతే రోజుకు వంద గ్రాముల పొడి. పప్పులో వేసే చిటికెడుకూ దానికీ పోలిక లేదు. పైగా కర్కుమిన్ నీళ్లలో కరగదు, పేగు గోడ దాటి రక్తంలోకి చేరేది అతి స్వల్పం, చేరినదాన్ని కాలేయం వెంటనే మార్చేస్తుంది. మరి శాస్త్రవేత్తలు పెద్దపేగునే ఎందుకు పట్టుకున్నారు? రక్తంలోకి పోనిది పేగులోనే మిగిలి, ఆ గోడలను తాకుతూ పోతుంది గనుక. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో శస్త్రచికిత్సకు ముందు రోగులకు వారం పాటు కర్కుమిన్ ఇచ్చి, కోసి తీసిన పేగు ముక్కలో వెతికితే అది కనిపించింది కూడా. పేగు దాకా చేరుతుందనడంలో అనుమానం లేదు. చేరి జబ్బును తగ్గిస్తుందన్న రుజువే ఇంకా రాలేదు.

రుజువైన వైద్యం వేరే ఉంది. అన్నిటికంటే ముందు కత్తి. గడ్డ ఉన్న పేగు భాగాన్నీ, దాని చుట్టూ ఉన్న లింఫు గ్రంథులనూ తీసేయడం. గ్రంథుల దాకా జబ్బు పాకి ఉంటే దాన్ని మూడో దశ అంటారు. అప్పుడు మిగిలిన కణాలను చంపడానికి కీమోథెరపీ. అందులో మూలస్తంభం 1957 నాటి ఫ్లోరోయురాసిల్. క్యాన్సర్ కణాలు యురాసిల్ అనే పదార్థాన్ని ఎక్కువగా లాక్కుంటాయని ఎలుకల్లో గమనించి, ఛార్లెస్ హైడెల్‌బర్గర్ బృందం దానికి ఒక ఫ్లోరిన్ తగిలించి తయారుచేసిన మందది. తిండి అనుకుని కణం మింగుతుంది, మింగాక గొంతులో అడ్డం పడుతుంది. 1990లో మోర్టెల్ బృందం దీనికి లెవమిసాల్ జోడించి, శస్త్రచికిత్స అయిన మూడో దశ రోగుల్లో మరణాలు మూడోవంతు తగ్గాయని చూపించింది. లెవమిసాల్ పేరు గొర్రెల కాపరులకు కొత్త కాదు. మందకు తాపే పురుగుల మందే. తర్వాతి ఏళ్లలో దాని చోటు ల్యూకోవోరిన్‌కు దక్కింది. 2004 నుంచి ఆక్సాలిప్లాటిన్ కూడా చేరింది. ఈ మూడింటి కలయికను డాక్టర్లు ఫోల్‌ఫాక్స్ అంటారు.

ఆ మాటలో మొదటి అక్షరం దగ్గరే సుబ్బారావు ఉన్నారు. ఫోలినిక్ ఆమ్లం, అంటే ల్యూకోవోరిన్, ఫోలిక్ ఆమ్లానికి బిడ్డ. ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసి చూపింది న్యూయార్క్ దగ్గరి పెర్ల్ రివర్‌లో, సుబ్బారావు నడిపించిన లెడర్లీ ప్రయోగశాల. దాన్ని కాస్త మార్చితే కణాన్ని మోసం చేసే మందవుతుందని చూపిన అమినోప్టెరిన్‌తో 1948లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్‌ను తాత్కాలికంగానైనా వెనక్కి తిప్పాడు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. వయసు 53. లెడర్లీవాళ్లు ల్యూకోవోరిన్‌ను తయారుచేసే నాటికి ఆయన లేరు.

సుబ్బారావు భీమవరంలో 1895లో పుట్టారు. సొంత అన్నను స్ప్రూ అనే పేగు జబ్బు తీసుకుపోయింది. తిన్నది ఒంటికి పట్టనివ్వని జబ్బది. తర్వాత దాని వైద్యంలో ఫోలిక్ ఆమ్లం ఒక ముఖ్య మందయింది. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతూ ఆపరేషన్ గదికి ఖద్దరు వేసుకువెళ్లి, దానికి శిక్షగా ఎంబీబీఎస్ కాక ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చిన మనిషి. హార్వర్డ్ చేరాక సైరస్ ఫిస్క్ దగ్గర ఆయన పెట్టుకున్న పని వినడానికి చాలా చిన్నది: రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో కొలవడం. మాలిబ్డేట్ ఆమ్లంలో నమూనా వేసి, దాన్ని క్షయీకరిస్తే నీలం రంగు తేలుతుంది. భాస్వరం ఎంత ఉంటే నీలం అంత చిక్కన. 1925లో అచ్చయిన ఈ పద్ధతిని ప్రపంచమంతా ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అంటుంది. నిజామాబాద్ జిల్లా రైతు చేతికి వచ్చే భూసార పరీక్ష కార్డులో భాస్వరం గడి ఉంటుంది గదా, ఆ గడిలో అంకె తేల్చేదీ ఈ నీలానికి చుట్టమే.

ఆ నీలమే ఒక చిత్రం చూపించింది. కండరం నుంచి తీసిన రసంలో నీలం ఒక్కసారిగా రాలేదు, మెల్లమెల్లగా చిక్కబడింది. ఏదో ఒక కర్బన పదార్థానికి అతుక్కున్న భాస్వరం నెమ్మదిగా ఊడివస్తోందన్నమాట. అలా బయటపడింది ఫాస్ఫోక్రియాటిన్, 1927లో. రెండేళ్లకు ఏటీపీ. కర్బన పదార్థానికి ఫాస్ఫేట్ ముడిపడటం, ఊడటం, ఇదే కండరం కదలికకు ఇంధనమని ఆ రెండూ కలిసి చెప్పాయి.

పెద్దపేగు వైద్యంలోనూ ఈ ముడే కీలకం. సీసాలో ఉన్న ఫ్లోరోయురాసిల్ దానంతట అది ఏమీ చేయలేదు. కణంలోకి వెళ్లాక ఒక చక్కెర, ఒక ఫాస్ఫేట్ తగిలితేనే దానికి కోరలు వస్తాయి. అప్పుడది డీఎన్ఏకు కావలసిన థైమిడిలేట్‌ను తయారుచేసే ఎంజైమ్‌ను పట్టుకుంటుంది. ఆ పట్టు బిగుసుకోవాలంటే పక్కన ఫోలేట్ ఉండాలి. ల్యూకోవోరిన్ ఇచ్చేది అందుకే. సుబ్బారావు జీవితంలో ఇరవై ఏళ్ల ఎడంతో చేసిన రెండు పనులు, భాస్వరమూ ఫోలిక్ ఆమ్లమూ, ఒకే ఎంజైమ్ దగ్గర కలుసుకోవడం ఆయన చూడలేదు.

ఫాస్ఫేట్‌ను కణం తగిలించే దాకా ఆగడమెందుకు, మనమే ముందు తగిలించి పంపితే? చిక్కేమిటంటే ఫాస్ఫేట్‌కు ఉన్న విద్యుదావేశం దాన్ని కణం గోడ దాటనివ్వదు. కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ మెక్‌గైగన్ దానికి ఉపాయం కనిపెట్టాడు. ఫాస్ఫేట్ మీద రెండు ముసుగులు కప్పి పంపడం, లోపలికి వెళ్లాక కణమే ఆ ముసుగులు విప్పుకోవడం. హెపటైటిస్ సీకి మందైన సొఫోస్‌బువిర్ ఈ ఉపాయంతోనే గెలిచింది. హైదరాబాద్ కంపెనీలు దాన్ని తక్కువ ధరకు చేసి ఎన్నో దేశాలకు పంపాయి. అదే ముసుగును ఫ్లోరోయురాసిల్ కుటుంబానికి వేసి ఎన్‌యూసీ-3373 అనే మందు చేశారు. పెద్దపేగు క్యాన్సర్ రోగుల్లో పరీక్షించారు. 2024లో ఆ పరీక్ష మధ్యలోనే ఆగిపోయింది. పాత వైద్యాన్ని మించలేకపోయింది. కాగితం మీద ఇంత అందమైన ఆలోచన కూడా రోగి దగ్గర ఓడిపోవచ్చని ఒప్పుకోవలసిందే.

మందులు చేసే ప్రయోగశాలలో భాస్వరానికి తరచూ తోడుగా వచ్చేది లిథియం. 1917లో ష్లెంక్, లిథియానికి కర్బనం జోడించిన పదార్థాలు తొలిసారి చేశాడు. వాటి ఆకలి అంతా ఇంతా కాదు. గాలి తగిలితే పొగ, తడి తగిలితే మంట. హైదరాబాద్‌లో ఏ కర్బన రసాయన పరిశోధన శాలకు వెళ్లినా ఈ దృశ్యం ఉంటుంది: ఓవెన్‌లో ఆరబెట్టిన గాజు బుడ్డి, మూతికి రబ్బరు బిరడా, ఆర్గాన్ నింపిన బెలూన్, అడుగున ఎసిటోన్‌లో పొగలు కక్కే డ్రై ఐస్. బుడ్డిలో ఫాస్ఫోనియం అనే తెల్లటి భాస్వర లవణం. బిరడాలోంచి సూది గుచ్చి బ్యూటైల్ లిథియాన్ని ఒక్కో బొట్టు వదులుతుంటే, తెల్లగా ఉన్నది కాస్తా పసుపు తిరుగుతుంది. కల్లంలో విరిచిన కొమ్ము లోపలి రంగుకు దగ్గరి రంగే. ఆ రంగు కనబడిందంటే చర్య దారిన పడ్డట్టు.

జర్మనీలో గియోర్గ్ విట్టిగ్ 1953లో ఐదు చేతుల భాస్వరం కోసం వెతుకుతూ ఫినైల్ లిథియంతో ఈ పని చేశాడు. వెతికింది వేరు, దొరికింది వేరు. భాస్వరం ఆక్సిజన్‌ను లాక్కుని పోతూ, ఆ చోట రెండు కర్బనాల మధ్య జంట బంధం వదిలిపెట్టి పోయింది. భాస్వరానికి ఆక్సిజన్ మీదున్న మోజే ఈ చర్యను నడిపే ఎద్దు. విటమిన్ ఏను ఫ్యాక్టరీల్లో తయారుచేసే దారుల్లో ఒకటి దీని మీదే నడిచింది. 1979లో విట్టిగ్‌కు నోబెల్ వచ్చింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో కె.సి. కుమారస్వామి భాస్వరపు మరో చర్య, మిత్సునోబు మీద తన విద్యార్థులతో 2009లో 'కెమికల్ రివ్యూస్'లో రాసిన సమీక్షను ప్రపంచంలో ఆ రంగంలో పనిచేసేవాళ్లు చాలామంది తిరగేస్తారు. 2020లో కొవిడ్ వేళ హైదరాబాద్‌లో హెటెరో తయారుచేసిన రెమ్‌డెసివిర్ తయారీకి ప్రచురితమైన దారుల్లోనూ లిథియం, భాస్వరం జంట ఉంది. ఒక మెట్టులో లిథియం, చివరి మెట్లలో ముసుగు వేసిన భాస్వరం.

ఇదే భాస్వరం ఆర్మూర్‌లో ఎరువుల దుకాణం అరలోనూ ఉంది. జూన్‌లో విత్తన పసుపును ముంచే నీళ్లలో కలిపే క్వినాల్‌ఫాస్, పత్తికి కొట్టే ప్రొఫెనోఫాస్, అన్నీ కర్బన భాస్వర సమ్మేళనాలే. నరాలకూ కండరాలకూ మధ్య సందేశాన్ని ఆపే ఎంజైమ్‌ను ఇవి పట్టుకుని వదలవు. చెమట, నోట నురగ, కంటిపాప సూదిమొనంత కావడం, ఊపిరి అందకపోవడం. విరుగుడు అట్రోపిన్, వెంట ప్రాలిడాక్సిమ్. చేతికి తొడుగు లేకుండా విత్తనం ముంచే ఆడవాళ్ల గురించి ఈ సభలో ఒక్కసారైనా చెప్పకపోతే భాస్వరం కథ అబద్ధమవుతుంది.

పేగు దగ్గరికే తిరిగి వద్దాం. మలంలో నెత్తురు కనబడితే ఊళ్లల్లో మొదట వచ్చే మాట మొలలు. చాలాసార్లు అదే నిజం కూడా. కానీ నలభై దాటినవాళ్లలో నెత్తురు పడుతూ, కారణం లేకుండా రక్తహీనత, బరువు తగ్గడం, విరేచనం తీరు మారడం తోడైతే పెద్దపేగులోకి గొట్టం వేసి చూపించుకోవాలి. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి 1950ల నుంచీ ఉంది, ఆరోగ్యశ్రీ ఉంది. ఆకు పసరూ పసుపు మాత్రలూ మింగుతూ ఆరు నెలలు గడిపి వచ్చేసరికి రెండో దశ మూడోది కావచ్చు, మూడోది కాలేయానికి పాకవచ్చు.

ఆక్సాలిప్లాటిన్‌కు ఒక కీడుంది. చల్లని నీళ్లు తాకితే వేళ్లు జివ్వుమంటాయి, పోనుపోను మొద్దుబారతాయి, కొందరికి ఆ తిమ్మిరి ఏళ్ల తరబడి పోదు. ఆరు నెలల కోర్సును మూడు నెలలకు తగ్గిస్తే ఏమవుతుందని ఆరు పరీక్షల్లోని 12,834 మంది లెక్కలు కలిపి చూశారు. 2018లో తేలింది: మూడో దశలో ముప్పు తక్కువగా ఉన్నవారికి, ముఖ్యంగా ఫ్లోరోయురాసిల్‌కు బదులు మింగే కేపిసిటబైన్ మాత్రలతో కలిపి ఇచ్చినప్పుడు, మూడు నెలలు ఆరు నెలలకు దాదాపు సాటి. తిమ్మిరి మాత్రం బాగా తక్కువ. కల్లంలో కొమ్మునూ మండనూ వేరు చేసేది కళ్లకంటే వేళ్లు. అంతా ఎండిందా, లోపల పచ్చి మిగిలిందా అని చెప్పేదీ వేళ్లే. వైద్యం ముగించుకుని ఆర్మూర్ తిరిగొచ్చిన మనిషి మళ్లీ ఆ కుప్ప ముందు కూర్చున్నప్పుడు, ఆ మూడు నెలలు తగ్గిన సంగతి ముందుగా తెలిసేది ఆ వేళ్లకే.