చిన్న వాగుకి ఎంత పొడుగు రాడ్?

మన అల్ఫారెట్టా వాళ్ళు శని ఆదివారాలు పిల్లల్ని తీసుకుని ఉత్తర జార్జియా కొండలకి వెళ్తూంటారు కదా. వాళ్ళలో ఫ్లై ఫిషింగ్ సరదా పుట్టినవాళ్ళు నన్ను ముందుగా అడిగేది, “ఎన్ని అడుగుల రాడ్ కొనమంటారు?” అని. ఇవాళ దాని గురించే నాలుగు మాటలు.

మన ఊళ్ళలో వెదురు గడకి దారం కట్టి, ఎర గుచ్చి కాలవలో వేస్తాం. ఫ్లై రాడ్ సంగతి వేరు. ఈకలతో పురుగులా కట్టిన ఆ గాలానికి బరువే ఉండదు. బరువంతా దారానిదే. ఆ దారం ముందు మన వెనక్కి బారుగా సాగి, ఆ తర్వాత ముందుకి వెళ్ళాలి. అంటే మన వెనకా, నెత్తిమీదా ఖాళీ ఉండాలి. కాబట్టి చేప ఎంతుందని కాదు, వాగు మీద చోటెంతుందని చూసి రాడ్ కొనాలి.

దుకాణాల్లో ముందుగా చూపించేది 9 అడుగుల రాడ్, 5వ నంబరు దారం. బ్యూఫర్డ్ డ్యామ్ కింద చాటహూచీ నదికి అది చక్కగా సరిపోతుంది. 1950లలో కట్టిన ఆ డ్యామ్ అడుగునుంచి చల్లటి నీళ్ళు వదలడం వల్లే అట్లాంటా పక్కన ట్రౌట్ బతుకుతోంది. కానీ డలోనెగా దాటి బాగ్స్ క్రీక్ లాంటి వాగులకి వెళ్తే కథ మారుతుంది. రోడోడెండ్రాన్ పొదలు రెండొడ్ల నుంచీ పందిరి వేసినట్టుంటాయి. అక్కడ 9 అడుగుల రాడ్ ఎత్తితే కొమ్మల్లో చిక్కే. పదేళ్ళ పిల్లాడు పొద్దంతా చిక్కులు విప్పుకుంటూ కూర్చుంటే మళ్ళీ వస్తానంటాడా?

అలాగని మరీ పొట్టిదీ మంచిది కాదు. దారం నీళ్ళమీద పడితే వడి దాన్ని లాగేస్తుంది. పురుగు ఈడ్చుకుపోతున్నట్టు కనబడితే ట్రౌట్ ముట్టదు. రాడ్ కాస్త పొడుగుంటే దారాన్ని నీటికి తగలకుండా ఎత్తి పట్టుకోవచ్చు.

నా లెక్క ఇదీ. పూర్తిగా పందిరి కమ్మిన వాగుకి ఆరున్నర, 7 అడుగులు. ఆకాశం బాగా కనబడే వాగుకి 8, ఎనిమిదిన్నర. ఒక్కటే కొనేట్టయితే ఏడున్నర అడుగులది, 3వ నంబరు దారంతో. జార్జియాకి సొంత ట్రౌట్ అయిన బ్రూక్ ట్రౌట్ కొండ వాగుల్లో చిన్నదిగానే ఉంటుంది. తేలిక రాడ్ మీద దాని గుంజుడు చేతికి బాగా తెలుస్తుంది.

వెనక చోటు లేనప్పుడు రెండు ఉపాయాలున్నాయి. దారాన్ని నీటిమీదే ముందుకి దొర్లించే రోల్ కాస్ట్ ఒకటి. విల్లు ఎక్కుపెట్టినట్టు రాడ్ వంచి వదిలేది రెండోది. ఈ రెండూ ముందు మన బిగ్ క్రీక్ దగ్గర సాధన చేయండి.

చివరగా, 16 ఏళ్ళు నిండినవాళ్ళకి ఫిషింగ్ లైసెన్సు, దానితో ట్రౌట్ లైసెన్సు తప్పనిసరి. చాటహూచీలో దిగితే లైఫ్ జాకెట్ వేసుకోండి. డ్యామ్ హారన్ వినబడితే వెంటనే ఒడ్డెక్కండి, నీళ్ళు చూస్తూండగానే పెరుగుతాయి.

కొనేముందు ఒకసారి ఆ వాగు దగ్గరికి వెళ్ళి తలెత్తి చూడండి. ఎంత పొడుగు కావాలో ఆ కొమ్మలే చెబుతాయి. సెలవు.