పసిబిడ్డలకు పండ్లు

శిశువునకు జరుపు వేడుకలలో అన్నప్రాశనము ముఖ్యమైనది. ప్రాశనమనగా భుజించుట. పెద్దలు దీనికి ఆఱవ మాసమును నిర్ణయించిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థయు ఆఱు నెలలు నిండువఱకు తల్లిపాలే చాలుననియు, పిమ్మట పాలతోపాటు ఇతరాహారము నారంభింపవలయుననియు చెప్పుచున్నది. కొన్ని యిండ్లలో బాలికలకు ఐదవ మాసముననే ఈ వేడుక జరుపుదురు. ముహూర్తమెప్పుడైనను, ఆహారము మాత్రము ఆఱు నెలలు నిండిన పిదపనే మొదలిడుట మేలు.

ఆ తొలి యాహారములలో పండునకు మంచి స్థానము కలదు. అయితే ఏ పండు పెట్టవలయునని యడుగువారేగాని, ఏ రూపమున పెట్టవలయునని యడుగువారు తక్కువ. నా మనవి యంతయు ఈ రెండవ ప్రశ్నను గూర్చియే.

మన భాషలో పన్నునకును పండునకును బహువచన మొక్కటియే, రెండును పండ్లే. నోటి పండ్లు వచ్చిన తీరునుబట్టి చెట్టు పండ్ల నీయవలయును. ముందుపండ్లు సాధారణముగా ఆఱవ నెల మొదలు వచ్చును. నమలుటకు వలయు దవడపండ్లు ఏడాది దాటినగాని తలచూపవు; వానిలో రెండవ జత దాదాపు రెండేండ్లకుగాని రాదు. అనగా బిడ్డకు కొఱుకుట ముందు వచ్చును, నమలుట వెనుక వచ్చును. కొఱికిన ముక్క నలుగకయే గొంతునకు జారును. శిశువు ఊపిరిగొట్టము సన్ననిది. నున్నని గుండ్రని ముక్క దానిని బిరడావలె మూయగలదు.

నా మనుమరాలికి ఏడాదిన్నర వయసున, బంధువొకరు ప్రేమతో ద్రాక్షపండ్లు తెచ్చి, ఒకటి దాని నోట నుంచబోయిరి. నా భార్య “ఉండండి అన్నయ్యగారూ, పాపకు ఇంకా నమలుట రాదు, కోసి ఇస్తాను” అని, ప్రతి పండును నిలువున నాలుగు చీలికలు చేసి యిచ్చినది. ఆయన కొంచెము చిన్నబుచ్చుకొనిరి. చిన్నబుచ్చుకొన్న చుట్టమును కాఫీతో సమాధానపఱుపవచ్చును. ఆగిన ఊపిరిని మరల తెచ్చుట అంత సులభము కాదు.

అరటిపండును చెంచాతో మెత్తగా మెదుపుడు. మామిడి, బొప్పాయి బాగుగా పండినవి తీసికొని, కడిగి, తొక్కయు పీచును గింజలును తొలగింపుడు. ఆపిలు పచ్చిగా గట్టిది. ఆవిరిపై ఉడికించి మెదుపుడు. జామపండు నడిమి గింజలభాగము వలదు. సపోటా గింజకు కొక్కెమువంటి కొన కలదు. దానిని, సీతాఫలము, నేరేడు, రేగు గింజలను పెద్దలే వెదకి తీయవలయును. తాటిముంజ జారెడిది, మెదిపియే యిండు. ద్రాక్షను ఐదేండ్లు నిండువఱకు నిలువున కోయుడు.

క్రొత్త పండును ఒక్కొక్కటిగా, ఒకటి రెండు చెంచాలతో మొదలిడి, రెండు మూడు దినములు గమనింపుడు. దద్దురులు, వాంతులు, పెదవుల వాపు కనబడిన మాని, వైద్యునకు చూపుడు. ఏడాదిలోపు పండ్లరసము వలదు. తీపికై తేనె కలుపుట అసలే కూడదు. ఆ వయసున నరములను కుంగదీయు వ్యాధిని కలిగించు సూక్ష్మజీవి బీజములు దానిలో ఉండవచ్చును.

బిడ్డను కూర్చుండబెట్టి, దగ్గఱనుండి తినిపింపుడు. పరుండినప్పుడును, ఏడ్చునప్పుడును, పరుగెత్తునప్పుడును నోట పండు పెట్టరాదు.

దగ్గుచు ఏడ్చుచున్న బిడ్డకు ఊపిరి యాడుచున్నదని యెఱిగి, దగ్గనిండు. ధ్వని రాక, పెదవులు నీలమగునేని ఆలస్యము వలదు. ఒకరు 108కు ఫోను చేయవలయును. ఏడాదిలోపు శిశువును ముంజేతిపై తల క్రిందుగా బోర్లించి, వీపున రెక్కల నడుమ అరచేతి మొదలుతో ఐదు దెబ్బలు వేయుడు. పిదప వెలికిల త్రిప్పి, రొమ్ము నడుమ ఐదు నొక్కులు నొక్కుడు. అడ్డు తొలగువఱకు ఇట్లే మార్చి మార్చి చేయవలయును. కంటికి కనబడనిదానికై నోట వ్రేలు పెట్టి వెదకరాదు. అది మఱింత లోనికి పోవును. ఏడాది దాటినవారికి చేయు విధము కొంత వేఱు. ఈ రెండింటిని వైద్యునియొద్ద కన్నులార చూచి, అమ్మమ్మలును తాతలును సైతము నేర్చియుండుట మంచిది. పండు తినిపించు చేతులు తఱచుగా మావే గదా!